ఇండోర్‌లో రెండుసార్లు

తొలి ఇన్నింగ్స్‌లో 151 పరుగుల ఆధిక్యం సంపాదించుకుని కూడా, రాష్ట్ర జట్లు తలపడే రంజీ ట్రోఫీలో క్వార్టర్ ఫైనల్ ఓడిపోవాలంటే కొంత కష్టపడాలి. 2023 ఫిబ్రవరిలో ఇండోర్ హోల్కర్ స్టేడియంలో ఆంధ్ర జట్టు ఆ కష్టం పడింది. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 కొట్టి స్కోరును 379 దాకా లాక్కొచ్చారు. ముందటి ఏడాది విజేత మధ్యప్రదేశ్ 228కే కూలింది. నాకౌట్ నియమం తెలిసిందే కదా, మ్యాచ్ డ్రా అయితే తొలి ఇన్నింగ్స్‌లో ముందున్నవాళ్లే పై మెట్టుకు వెళతారు. అంటే ఆంధ్ర గెలవనక్కర్లేదు, ఓడకుండా ఉంటే చాలు. క్రీజులో పాతుకుపోయి, కొత్త బంతి మెరుపు పోయేదాకా ఓపిక పట్టి, అవతలివాళ్లను రోజంతా ఎండలో నిలబెడితే సరిపోయేది. మనవాళ్లు 93కే ఆలౌటయ్యారు. 245 లక్ష్యాన్ని మధ్యప్రదేశ్ ఐదు వికెట్లు పోగొట్టుకుని అందుకుంది.

ఏడాది తిరిగింది. అదే మైదానం, అదే ప్రత్యర్థి, మళ్లీ క్వార్టర్ ఫైనలే. ఈసారి మధ్యప్రదేశ్‌నే రెండో ఇన్నింగ్స్‌లో 107కు చుట్టేశాం. గెలవడానికి 170 కావాలి. హనుమ విహారి 55 చేశాడు. మధ్యప్రదేశ్ బౌలర్ అనుభవ్ అగర్వాల్ ఆరు వికెట్లు తీశాడు. 165 దగ్గర కథ ముగిసింది. నాలుగు పరుగుల తేడాతో ఓటమి.

ఈ రెండు మ్యాచుల గురించి మనం ఏమి మాట్లాడుకున్నామో గుర్తు చేసుకోండి. మొదటి ఏడాది విహారి చెయ్యి గురించి మాట్లాడుకున్నాం. మధ్యప్రదేశ్ పేసర్ ఆవేశ్ ఖాన్ బంతికి ఎడమ మణికట్టు విరిగితే, ఆ చెయ్యి బౌలర్‌కు ఎదురుగా రాకుండా ఎడమచేతి వాటంగా నిలబడి ఆడాడు. అలా తొలి ఇన్నింగ్స్‌లో 27 దాకా వెళ్లాడు, రెండోదాంట్లో 15 చేశాడు. ఆ వీడియో దేశమంతా చూసింది, చూడాల్సిందే. రెండో ఏడాది కూడా విహారి గురించే మాట్లాడుకున్నాం. మ్యాచ్ ఓడిన రోజే అతను కెప్టెన్సీ నుంచి తనను తప్పించిన తీరు చెబుతూ, ఇక ఆంధ్రకు ఆడనని సామాజిక మాధ్యమాల్లో రాశాడు. వారం రోజులు టీవీల నిండా అదే. రాజకీయ పార్టీలు కూడా వచ్చి కూర్చున్నాయి. ఎవరిది తప్పో తేల్చే పని నాది కాదు. నన్ను తొలిచేది వేరే. ఆ 93 ఎందుకు, ఆ 165 ఎందుకు అని ఎవరూ గట్టిగా అడగలేదు. 93లో 15 పరుగులు చెయ్యి విరిగిన మనిషివి. మిగతా పదిమంది, ఎక్స్‌ట్రాలు కలిపితే 78.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ తిరిగింది. టీమిండియాకు ఆడిన మనవాళ్లు ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు, విహారి, కేఎస్ భరత్, నితీశ్ కుమార్ రెడ్డి వరసగా ఉన్నారు. కింద ‘ఆంధ్ర క్రికెట్‌కు స్వర్ణయుగం’ అని పెద్ద అక్షరాలు. అందరూ చప్పట్లు పెట్టారు. ‘బాగుంది, రంజీలో మన జట్టు ఎన్నిసార్లు ఫైనల్‌కు వెళ్లింది?’ అని అడిగాను. ఒక్కసారి కూడా వెళ్లలేదని నాకు తెలుసు, అయినా అడిగాను. కాసేపటికి మా పెద్దనాన్నగారబ్బాయి ఒక దండం బొమ్మ పెట్టాడు. సంభాషణ అక్కడితో పెళ్లి భోజనాల మీదికి మళ్లింది.

నా అభిప్రాయం ఇది. టీమిండియా స్థాయి కుర్రాళ్లను తయారు చేయడం ఆంధ్రకు వచ్చేసింది. టీమిండియాకు ఎప్పటికీ ఆడరని తెలిసినా పదేళ్లపాటు రంజీ ఆడే గట్టి ఆటగాళ్లు మనకు చాలినంతమంది లేరు. ఉన్నవాళ్లను మనం లెక్కలోకి తీసుకోం. జాతీయ పోటీల్లో ఒక రాష్ట్ర జట్టు ఎక్కడ నిలుస్తుందో తేల్చేది ఎక్కువగా వీళ్లే.

వదిలేసిన బంతి

విశాఖలో మా ఇంటికి దగ్గర్లో ఒక మాజీ ఎడమచేతి వాటం స్పిన్నర్ పిల్లలకు శిక్షణ ఇస్తాడు. పేరు రాయొద్దన్నాడు. ఉదయం నడకకు వెళ్లినప్పుడు అక్కడ కాసేపు నిలబడటం నాకు అలవాటు. ఒకరోజు పన్నెండేళ్ల పిల్లవాడికి కొత్త బంతితో ఆఫ్ స్టంప్ బయట వేయిస్తున్నాడు. షరతు ఒక్కటే, బ్యాటు తగలకూడదు. పిల్లవాడు ముందుకాలు చక్కగా వేసి, బ్యాటు భుజం మీదికి ఎత్తి, బంతిని కీపర్ దాకా కళ్లతో సాగనంపుతున్నాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. కంచె బయట ఫోను పట్టుకున్న తండ్రికి మాత్రం ఓపిక అయిపోయింది. “ఒక్క సిక్స్ కొట్టరా నాన్నా, వీడియో తీస్తున్నా!” అని కేక వేశాడు. తరవాతి బంతికి పిల్లవాడు బ్యాటు ఊపాడు. అంచు తగిలి బంతి స్లిప్‌లో పెట్టిన ప్లాస్టిక్ కుర్చీకి కొట్టుకుంది.

కోచ్ నా వైపు చూసి నవ్వాడు. తరవాత టీ తాగుతూ ఇండోర్ సంగతి తనే ఎత్తాడు. “ఆ రోజు మనవాళ్లు భయపడలేదన్నయ్యా, తొందరపడ్డారు. ఏమీ చెయ్యకుండా ఒక పూట గడపడం కూడా ఆటే. అది చిన్నప్పుడు రావాలి. మన జిల్లా మ్యాచులు చాలావరకు సాయంత్రానికి అయిపోయేవే. నాలుగో రోజు పిచ్ మీద బంతి ఆగి వస్తుందని కుర్రాడు ఎప్పుడు తెలుసుకుంటాడు? రంజీకి వచ్చాకే.”

నేను అతని మాటలను ముక్కస్య ముక్క ఒప్పుకోను. ఒక బ్యాటర్ చెయ్యి విరిగిన జట్టు అది. ఎదురుగా మంచి బౌలర్లు ఉన్నారు. నాలుగు పరుగుల ఓటమిలో అదృష్టం పాలు కూడా ఉంటుంది. ఒక అంచు ఫీల్డర్ల మధ్యలోంచి పోయి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. రెండు మ్యాచులు చూసి సిద్ధాంతం కట్టేయడం మన క్రికెట్ అభిమానుల జబ్బు. పైగా 2022-23లో అదే ఆంధ్ర లీగ్ దశలో ముంబై, మహారాష్ట్ర, ఢిల్లీ, తమిళనాడులాంటి జట్లను వెనక్కి నెట్టి నాకౌట్‌కు వచ్చింది. ఆ ఏడాది చివరికి ట్రోఫీ ఎత్తిన సౌరాష్ట్రను వాళ్ల రాజ్‌కోట్‌లోనే ఓడించింది. చేతకాని జట్టు ఆ పని చేయలేదు.

అయినా నాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ రెండుసార్లూ అవతలి డ్రెస్సింగ్ రూములో కూర్చున్న కోచ్ చంద్రకాంత్ పండిత్. విదర్భకు 2017-18, 2018-19లో వరసగా రెండు రంజీలు గెలిచిపెట్టిందీ, మధ్యప్రదేశ్‌కు 2021-22లో తొలి టైటిల్ తెచ్చిందీ ఆయనే. ఆయన గెలిపించిన జట్లు చూడండి. బెంగళూరులో ముంబై మీద గెలిచిన మధ్యప్రదేశ్‌లో ఆవేశ్ ఖాన్ లేడు, వెంకటేశ్ అయ్యర్ లేడు. వాళ్లిద్దరూ అప్పుడు టీమిండియాతో ఉన్నారు. రజత్ పాటీదార్ ఉన్నమాట నిజమే. కానీ యశ్ దూబే, శుభమ్ శర్మ, హిమాన్షు మంత్రి, సారాంశ్ జైన్, కుమార్ కార్తికేయ అన్న పేర్లు చెబితే ఐపీఎల్ తప్ప చూడనివాళ్లలో ఎంతమంది గుర్తుపడతారు? ట్రోఫీ మాత్రం వీళ్ల భుజాల మీదే వచ్చింది. విదర్భ మొదటి టైటిల్ గెలిచిన ఫైనల్ కూడా, చూడండి విచిత్రం, ఇదే ఇండోర్ మైదానంలో ఢిల్లీ మీద.

ఇండోర్‌కూ మనకూ ఇంకో పాత బంధం ఉంది. భారత్ తొలి టెస్టు కెప్టెన్ సీకే నాయుడు అప్పటి ఇండోర్ జట్టు హోల్కర్‌కు కెప్టెన్‌గా నాలుగు రంజీలు గెలిచారు, చివరిది 1952-53లో. ఆ వెంటనే, 1953లో ఆంధ్ర జట్టు పుట్టినప్పుడు దాన్ని నడిపించడానికి వచ్చిందీ ఆయనే, 58 ఏళ్ల వయసులో. ఇండోర్‌కు కప్పుల మీద కప్పులు ఇచ్చిన మనిషి చేతుల్లో మొదలైన జట్టు మనది.

జయసింహకు దక్కనిది

పొరుగున ఉన్న హైదరాబాద్‌ను చూస్తే నా వాదం ఇంకాస్త గట్టిపడుతుంది. ఎం.ఎల్. జయసింహ పదహారు సీజన్లు హైదరాబాద్‌కు కెప్టెన్. ఆ కాలంలో ఆ జట్టులో పటౌడీ ఆడారు, అబ్బాస్ అలీ బేగ్ ఆడారు, ఆబిద్ అలీ ఆడారు. 1971లో వెస్టిండీస్ వెళ్లిన భారత జట్టులో జయసింహ, ఆబిద్ అలీ, జయంతీలాల్, కృష్ణమూర్తి, గోవిందరాజ్, అంటే ఒక్క హైదరాబాద్ నుంచే ఐదుగురున్నారు. ఇవాళ ఏ రాష్ట్రమైనా అలాంటి జాబితా చూపిస్తే మన వాట్సాప్ గ్రూపులు ఆగుతాయా? అంత వైభవంలోనూ జయసింహ చేతికి రంజీ ట్రోఫీ రాలేదు. 1937-38 తరవాత హైదరాబాద్ మళ్లీ గెలిచింది 1986-87లో, ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో. ఆయన ఆడినవి నాలుగంటే నాలుగు టెస్టులు. ఢిల్లీకి వెళ్లి, ఢిల్లీ మీదే, తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో కప్పు తెచ్చారు. ఓడకుండా ఉండటం వచ్చిన జట్టు అది.

1999-2000లో వీవీఎస్ లక్ష్మణ్ ఒక్కడే 1,415 పరుగులు, ఎనిమిది సెంచరీలు చేశాడు. ఒకే రంజీ సీజన్‌లో ఎవరూ ఇప్పటికీ అందుకోని లెక్క అది. హైదరాబాద్ ఫైనల్‌కు వెళ్లి ముంబై చేతిలో ఓడింది. ఆ తరవాత ఆ జట్టు పతనం గురించి చెప్పుకోవాలంటే ఇంకో వ్యాసం కావాలి. 2010లో రాజస్థాన్ మీద 21కి ఆలౌట్, రంజీ చరిత్రలోనే అతి తక్కువ స్కోరు. అప్పుడు తొలి మ్యాచ్ ఆడుతున్న దీపక్ చాహర్ పది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు తీశాడు. ఆంధ్ర ఇండోర్‌కు చేరిన 2022-23లోనే, అదే గ్రూపులో అట్టడుగున నిలిచి హైదరాబాద్ కింది అంచె అయిన ప్లేట్ గ్రూపుకు పడిపోయింది, మరుసటి ఏడాది అది గెలిచి తిరిగి పైకి వచ్చింది. ఈ కాలమంతా సిరాజ్, తిలక్ వర్మలాంటి వాళ్లు ఆ ఊరి నుంచి వస్తూనే ఉన్నారని మరిచిపోవద్దు.

అసలు రంజీ ఉన్నదెందుకు?

ఇక్కడ ఎదురయ్యే వాదన బలమైనదే. రంజీ ట్రోఫీ పెట్టిందే దేశ జట్టుకు ఆటగాళ్లను వెతకడానికి. నితీశ్ మెల్‌బోర్న్‌లో 114 కొట్టిన రోజున గాజువాక నుంచి గుంటూరు దాకా జనం మురిసిపోయారు. ఆంధ్ర రంజీ సెమీస్‌కు వెళ్లినంత మాత్రాన అంతమంది మురుస్తారా? మురవరు. మరి ఎవరి కోసం ఈ గోల?

నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ కేఎస్ భరత్ కథ చూస్తే ఆ వాదన అంత సూటిగా అనిపించదు. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి వికెట్ కీపర్ అతనే. టెస్టు టోపీ నెత్తిన పడింది 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో. మధ్యలో ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లు అతను ఎక్కడున్నాడు? వికెట్ల వెనక వంగి లేస్తూ, కెమెరా ఒక్కటి కూడా లేని మైదానాల్లో ఆంధ్రకు ఆడుతూ ఉన్నాడు. ఏడు టెస్టుల తరవాత మళ్లీ అక్కడికే వచ్చాడు. మనం ఆ ఏడు టెస్టులకే విలువ కడతాం. రికీ భుయ్ సంగతి ఇంకా స్పష్టం. 2023-24 రంజీలో దేశం మొత్తం మీద అత్యధిక పరుగులు అతనివే, 902. ఆ ఏడాది చివర్లో మన టీవీ చర్చల్లో అతని పేరు ఎన్నిసార్లు వినిపించిందో మీరే చెప్పండి.

రాష్ట్ర జట్టు మనకు బస్టాండు అయిపోయింది. ఎక్కి వెళ్లిపోయినవాళ్ల ఫొటోలు గోడకు తగిలిస్తాం, అక్కడే ఉండి బండి నడిపేవాడి ముఖం చూడం. నితీశ్‌లాంటి కుర్రాడు ఇక ఏడాదికి ఎన్ని రంజీ మ్యాచులు ఆడగలడు? అది అతని తప్పు కాదు, అతను ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాడు. అందుకే మిగిలినవాళ్లు గట్టిగా ఉండాలంటున్నాను.

డబ్బు మాట

ఉండమంటే ఎలా ఉంటారు? ఇది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న. 2021లో భారత క్రికెట్ బోర్డు ప్రకటించిన లెక్క ప్రకారం, 40 మ్యాచులు దాటిన సీనియర్‌కు రంజీలో రోజుకు 60,000 రూపాయలు, 20 లోపు ఆడిన కొత్తవాడికి 40,000. లీగ్‌లో ఏడు మ్యాచులూ తుది జట్టులో ఉండి ఆడితే 28 రోజులు, అంటే సీనియర్‌కు దాదాపు 17 లక్షలు. చెడ్డ డబ్బేమీ కాదు. కానీ జట్టులో చోటు పోతే, మోకాలు వాస్తే, ఆ లెక్క సగానికి, సున్నాకు పడిపోతుంది. అదే ఐపీఎల్‌లో, 2025 వేలంలో, టీమిండియాకు ఆడని కుర్రాడి కనీస ధరే 30 లక్షలు. రెండు నెలలు బెంచీ మీద కూర్చున్నా వస్తుంది. ఆ కంచె బయట తండ్రి సిక్స్ కొట్టమని అరవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. బజారు ఏది కొంటోందో ఆయనకు బాగా తెలుసు.

ఒకప్పుడు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ బ్యాంకులు, ప్రభుత్వరంగ సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చేవి. మధ్యాహ్నం దాకా ఆఫీసు, తరవాత నెట్స్. ముప్పై దాటినా ఇల్లు గడుస్తుందన్న ధీమా ఉండేది. ఆ ఉద్యోగాలు దాదాపు మూతపడ్డాయి. వాటి స్థానంలో ఏమి పెట్టాం? రాష్ట్ర సంఘాలు తమ ఆటగాళ్లతో ఏడాది కాంట్రాక్టులు కుదుర్చుకోవాలన్న మాట ఏళ్లుగా నలుగుతోంది. నన్నడిగితే పదిహేనుమందికి కాదు, పాతికమందికి ఇవ్వాలి. అందులోనూ ముందుగా పేస్ బౌలర్లకు, ఎందుకంటే వాళ్ల శరీరాలే ముందు మూల్యం చెల్లిస్తాయి. 2022లో మొదలైన ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మీద నాకు కోపం లేదు, దానివల్ల జనం వచ్చారు, కుర్రాళ్లకు పేరు వచ్చింది. మూలపాడులో, విజయనగరంలో, కడపలో, అనంతపురంలో మంచి మైదానాలు ఉన్నాయి. ఆ టీ20ల పక్కనే అక్కడ జిల్లాల మధ్య నాలుగు రోజుల మ్యాచులు ఒక పద్ధతిగా ఆడించమంటున్నాను. జనం రారు. రాకపోయినా ఆడించాలి.

బయటివాళ్ల సంగతి కూడా చెప్పాలి. విదర్భ గెలుపును పొగిడితే వెంటనే ‘అది వసీం జాఫర్ పుణ్యం, అరువు గెలుపు’ అంటారు. ముంబై నుంచి విదర్భకు వచ్చిన జాఫర్ నలభై దాటాక 2018-19లో వెయ్యికి పైగా పరుగులు చేసిన మాట నిజం. కానీ మనమూ అరువు తెచ్చుకున్నాం కదా. మహమ్మద్ కైఫ్ మనకు కెప్టెన్‌గా ఉన్నాడు. దేశవాళీలో వేల పరుగులు చేసి టీమిండియాకు ఒక్క మ్యాచూ ఆడని అమోల్ మజుందార్ చివరి సీజన్లు మన దగ్గరే ఆడాడు. 2025లో భారత మహిళలు ప్రపంచకప్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే. కాకినాడలో పుట్టిన విహారి కూడా హైదరాబాద్ క్రికెట్‌లో ఎదిగి ఇటు వచ్చాడు, చివరికి 2025లో త్రిపురకు వెళ్లిపోయాడు. బయటినుంచి ఒకరు రావడం వల్ల గెలుపు రాదు, అలా వచ్చినవాడి చుట్టూ ఏడెనిమిది మంది స్థానికులు ఏళ్లపాటు కదలకుండా ఉంటే వస్తుంది. విదర్భలో ఫైజ్ ఫజల్‌లాంటి వాళ్లు ఉన్నారు. 2024-25లో విదర్భ మూడోసారి గెలిచేనాటికి జాఫర్ ఆట మానేసి దాదాపు అయిదేళ్లయింది.

ఆ ఫైనల్‌లో విదర్భకు ఎదురు నిలిచిన కేరళను కూడా గుర్తు చేస్తాను. రంజీలో వాళ్ల మొట్టమొదటి ఫైనల్ అది. సెమీస్‌లో గుజరాత్ మీద రెండంటే రెండు పరుగుల తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో గట్టెక్కారు. గుజరాత్ చివరి బ్యాటర్ కొట్టిన బంతి దగ్గర్లో ఉన్న ఫీల్డర్ హెల్మెట్‌కు తగిలి గాల్లోకి లేస్తే క్యాచ్ పట్టారు. అదృష్టమే, కాదనను. కానీ ఆ అదృష్టం తలుపు తట్టే వేళకు వాళ్లు ఐదో రోజు కూడా మైదానంలో నిలబడి ఉన్నారు.

మా ఆఫీసులో ఒక మిత్రుడు నా వాదనంతా విని, “సరే, వచ్చే ఏడాది ఆంధ్ర నుంచి ఇంకో కుర్రాడు టెస్టుల్లోకి రావడమా, జట్టు రంజీ ఫైనల్‌కు వెళ్లడమా, ఒకటి కోరుకోమంటే ఏది కోరుకుంటారు?” అన్నాడు. ఫైనలే అన్నాను. పైగా ఆ ఫైనల్‌లో సెంచరీ కొట్టేవాడు ముప్పై మూడేళ్లవాడై ఉండాలని, సెలెక్టర్లు అతని వైపు కన్నెత్తి కూడా చూడకూడదని కూడా అన్నాను. ఇది పాపం అతనికి శాపం పెట్టడమే కదండీ అన్నాడు మిత్రుడు. ఆ సంగతి మీద మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.